క్లోరిన్ పేరుతో బ్రోమిన్: నెల్లూరు తీరంలో రొయ్య నీటి లెక్కలు

కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం మీదుగా పాత నెల్లూరు జిల్లా దక్షిణపు కొస దాకా ఒడ్డు వెంట పోతే ఇసుక మీద పొడవాటి రేకుల షెడ్లు కనిపిస్తూ ఉంటాయి. రొయ్య పిల్లను తీసే హ్యాచరీలవి. వాటికి పడమరగా, బకింగ్‌హాం కాలువకు అటూ ఇటూ చెరువులు. షెడ్డులోని తొట్టెకైనా బయటి చెరువుకైనా నీరు పెట్టాక ముందు చేసే పని బ్లీచింగ్ వేయడం. రిజిస్టరులో ‘క్లోరిన్ 10 పీపీఎం’ అనో ‘20 పీపీఎం’ అనో రాసుకుంటారు. వేసింది క్లోరినే. కాని ఉప్పునీటిలో పడ్డ కొద్ది క్షణాలకే పని బ్రోమిన్ చేతికి మారుతుంది. క్రిములను చంపేదీ, మిగిలిపోయి పిల్లను చంపేదీ చాలావరకు బ్రోమినే. రసాయన శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలిసిన ఈ సంగతి చెరువు గట్టు మీదికి సరిగా చేరలేదు. మంచినీటి క్లోరిన్ కోసం రాసిన లెక్కలతోనే మనం ఉప్పునీటిని నడుపుతున్నాం. దానివల్ల ఎక్కడ నష్టపోతున్నామో, ఎక్కడ అనుకోకుండా లాభపడుతున్నామో ఒకసారి మొత్తంగా చూడాలి.

బ్లీచింగ్ మీద ఇంత నమ్మకం ఊరికే రాలేదు. 1980ల చివర నుంచి ఈ తీరంలో టైగర్ రొయ్య పెంపకం ఉప్పెనలా పెరిగింది. 1994 నుంచి తెల్లమచ్చ వైరస్ చెరువులను ఊడ్చిపెట్టింది. అప్పులు చేసి చెరువు తవ్విన వాళ్ళు ఒక్క పంటతో రోడ్డున పడ్డారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో, తీర ప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతి దొరికింది. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలను చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉంచి, పరీక్షించి పంపే పద్ధతి మొదలైంది. రోగం లేని తల్లి దొరికింది కాబట్టి ఇక రోగం వచ్చే దారి నీరే అన్న ఆలోచన గట్టిపడింది. ఆ ఆలోచన సరైనదే. వైరస్‌ను మోసే పీతలు, చిల్లర రొయ్యలు, వాటి గుడ్లు నీటితోనే వస్తాయి. అందుకే రిజర్వాయరు చెరువు, వడపోత గుడ్డ, బ్లీచింగ్ వెనామీ సాగులో విడదీయరాని భాగాలయ్యాయి.

ఇక రసాయనం సంగతి. 35 సాలినిటీ (వెయ్యి పాళ్ళ నీటికి 35 పాళ్ళ ఉప్పు) ఉన్న సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 67 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది. 1826లో ఫ్రాన్సులో ఆంటోయిన్ బలార్ బ్రోమిన్‌ను మొదట వేరు చేసింది కూడా ఉప్పు మళ్ళలో ఉప్పు తీశాక మిగిలే చేదు నీటి నుంచే. మన దేశంలో ఈనాటికీ బ్రోమిన్ ప్రధానంగా గుజరాత్ కచ్ తీరపు ఉప్పు నీళ్ళ నుంచి వస్తుంది. బ్లీచింగ్ నీటిలో కరగగానే హైపోక్లోరస్ ఆమ్లం పుడుతుంది. అది బ్రోమైడ్‌ను తాకి హైపోబ్రోమస్ ఆమ్లాన్ని తయారుచేసి తాను మామూలు క్లోరైడ్ అయిపోతుంది. అసలు సిసలు సముద్రపు నీటిలో ఈ మార్పు పూర్తి కావడానికి పది క్షణాలు చాలు.

ఎంత క్లోరిన్‌ను ఎంత బ్రోమైడ్ మార్చగలదో లెక్క కట్టవచ్చు. 10 పీపీఎం, అంటే లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ పూర్తిగా మారడానికి లీటరుకు 11 మిల్లీగ్రాముల పైచిలుకు బ్రోమైడ్ కావాలి. ఒడ్డున బోరు పాయింట్లతో సముద్రపు నీరు తోడుకునే హ్యాచరీలో దానికి ఆరు రెట్లుంది. అక్కడ మామూలు మోతాదుల్లో ఎంత వేసినా బ్రోమినే. లోపలికి పోయి 5 సాలినిటీ బోరు నీటితో వెనామీ వేసే చెరువు చూడండి. అక్కడ బ్రోమైడ్ 9, 10 మిల్లీగ్రాములకు మించదు. 10 పీపీఎం వేస్తే బ్రోమైడ్ అంతా ఖర్చయి, చివరి కాస్త క్లోరిన్ క్లోరిన్‌గానే మిగులుతుంది. మోతాదు పెంచిన కొద్దీ ఆ మిగులు పెరుగుతుంది. ఒకే మండలంలో, ఒకే బస్తా బ్లీచింగ్, ఒడ్డున ఒక మందుగా, నాలుగు కిలోమీటర్లు లోపల మరో మందుగా పనిచేస్తుంది. పక్క చెరువు మోతాదు మన చెరువుకు పనికిరాకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఎవరూ లెక్కలోకి తీసుకోని కారణం కూడా.

తేడా పీహెచ్ దగ్గర బాగా బయటపడుతుంది. క్లోరిన్‌కు ఎక్కువ పీహెచ్ గిట్టదు. పీహెచ్ 8 దగ్గర అందులో బలంగా చంపగల రూపం పావు వంతే ఉంటుంది, 8.5కి పోతే పదో వంతుకు పడిపోతుంది. బ్రోమిన్‌కు పీహెచ్ 8 దగ్గర ముప్పావు వంతు, 8.5 దగ్గర కూడా సగం దాకా ఆ బలం నిలుస్తుంది. సముద్రపు నీరు సహజంగా 8, 8.2 మధ్య ఉంటుంది కనుక హ్యాచరీ వాళ్ళకు ప్రకృతి చేసిన మేలు ఇది. వాళ్ళు పీహెచ్ దించకుండానే బ్లీచింగ్ బాగా పనిచేస్తోందంటే ఆ ఘనత బ్రోమైడ్‌ది. తక్కువ సాలినిటీ చెరువుకు ఆ అదృష్టం అంతగా లేదు. అక్కడ ముందు సున్నం చల్లి పీహెచ్ పెంచి, మర్నాడు బ్లీచింగ్ వేస్తే డబ్బు నీళ్ళపాలే. బ్లీచింగ్ ముందు, సున్నం తర్వాత.

ఉప్పునీటి హ్యాచరీకి దగ్గరి చుట్టం ఏదంటే, పెద్ద హోటళ్ళలో నాలుగు గోడల మధ్య కట్టే బ్రోమిన్ ఈతకొలను. దాన్ని నడిపేవాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది. బ్రోమిన్‌ను కప్పు కిందే వాడతారు, ఎందుకంటే ఎండలో అది నిలవదు. బయటి కొలనులో క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే సయనూరిక్ ఆమ్లం బ్రోమిన్‌ను కాపాడలేదు. కొలనులో మనుషులు ఈదుతుండగానే బ్రోమిన్ 3 పీపీఎంకు తగ్గకుండా, పీహెచ్ 7.8 దాటకుండా నిలబెడతారు. ఎంత వేశామన్నది వాళ్ళకు ముఖ్యం కాదు, ఇప్పుడు నీటిలో ఎంత ఉందన్నదే ముఖ్యం. అందుకని రోజులో పలుమార్లు కొలుస్తారు. హ్యాచరీ గమ్యం దీనికి సరిగ్గా తలకిందులు: కొన్ని గంటలపాటు బ్రోమిన్ బలంగా ఉండాలి, నాప్లియై (గుడ్డు నుంచి అప్పుడే బయటపడ్డ పిల్లలు) దిగే వేళకు జాడ కూడా మిగలకూడదు. గమ్యం వేరైనా సాధనం ఒకటే, కొలత. మన దగ్గర లోటు అక్కడే.

చెరువు ఎండలో ఉంటుంది, షెడ్డు నీడలో ఉంటుంది. ఈ తేడాకు తగిన విలువ ఇవ్వాలి. నెల్లూరు ఎండకు చెరువులోని బ్రోమిన్ త్వరగా విరిగిపోతుంది. ఉదయం వేసిన బ్లీచింగ్ మధ్యాహ్నానికే నీరసిస్తుంది. సాయంత్రం చీకటి పడే ముందు వేస్తే రాత్రంతా పనిచేస్తుంది. ఎండలో ఇంకో చిక్కుంది: బ్లీచింగ్ వేసిన సముద్రపు నీటి మీద సూర్యకాంతి పడితే బ్రోమేట్ తయారవుతుందని 1977లోనే ‘సైన్స్’ పత్రికలో పరిశోధన వచ్చింది. బ్రోమేట్ గాలి పెడితే పోయేది కాదు. చెరువు రొయ్యకు అది వెంటనే ప్రాణాంతకం కాదు గాని, పదే పదే బ్లీచింగ్ వేసి, అదే నీటిని తిప్పి తిప్పి వాడేవాళ్ళు గుర్తుంచుకోవాలి. షెడ్డులో ఎండ లేదు కనుక మిగులు తనంతట తాను పోతుందని కూర్చోవడం కుదరదు. గట్టిగా గాలి పెట్టాలి, ఆ పైన హైపో వేయాలి.

హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఒక పాలు క్లోరిన్ మిగులుకు ఏడు పాళ్ళు హైపో. పది టన్నుల తొట్టెలో 2 పీపీఎం మిగిలితే అది 20 గ్రాముల క్లోరిన్, 140 గ్రాముల హైపో చాలు. మిగులు చూడకుండా, మొదట వేసిన 20 పీపీఎంకు లెక్కకట్టి వేసేవాళ్ళు అదే తొట్టెలో 1,400 గ్రాములు గుమ్మరిస్తారు. మిగులు తీరినా అక్కరలేని సరుకు పిల్ల మధ్య ఉండిపోతుంది. కొందరు ఈతకొలనుల టెస్ట్ కిట్ కొని బ్రోమిన్ గీత మీద అంకె చదువుతారు. ఆ అంకె క్లోరిన్ అంకెకు 2.25 రెట్లుంటుంది. దాన్ని అలాగే హైపో లెక్కలో పెడితే మోతాదు కూడా 2.25 రెట్లవుతుంది. క్లోరిన్ గీతనే చదవాలి, లేదా వచ్చిన అంకెను 2.25తో భాగించాలి.

పరీక్ష గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో మొత్తం సమస్యకు ఇరుసు ఇదే. హ్యాచరీల్లో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు చూస్తారు. రంగు రాకపోతే నీరు శుభ్రం అని పిల్లను దించుతారు. సముద్ర జీవుల రక్షణకు అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు చూడండి: ఇలా క్లోరిన్ వల్ల పుట్టే ఆక్సీకరణ పదార్థాలు స్వల్ప కాలానికైతే లీటరుకు 13 మైక్రోగ్రాములు, దీర్ఘకాలానికైతే 7.5 మైక్రోగ్రాములు మించకూడదు. అంటే స్వల్ప కాలపు హద్దు కూడా 0.013 పీపీఎం మాత్రమే. చాలా చేతి కిట్లలో కంటికి తెలిసే కనిష్ఠ గుర్తు 0.1 పీపీఎం దగ్గర ఉంటుంది. కంటికి రంగు లేనంత మాత్రాన జోయియా దశలోని పిల్లకు విషం లేదని అర్థం కాదు. రంగు పోయాక కూడా కొన్ని గంటలు గాలి పెట్టి, యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపి, ముందు ఒక బకెట్టులో కొద్ది నాప్లియైని వదిలి చూడడం మంచిది. ఇంకో ఉచ్చు, గులాబీ రంగు చూసి చదివే డీపీడీ పరీక్షలో ఉంది. మిగులు చాలా ఎక్కువగా ఉంటే గులాబీ రంగు పుట్టీ పుట్టగానే విరిగిపోయి నీరు రంగు లేకుండా కనిపిస్తుంది. విషం నిండుగా ఉన్నప్పుడే ‘సున్నా’ అని చదువుతాం. అనుమానం వస్తే మిగులు లేని మంచినీటితో పదింతలు పలుచన చేసి మళ్ళీ చూడాలి.

బ్లీచింగ్ బస్తా కూడా నమ్మదగ్గది కాదు. కొత్త సరుకులో 30 నుంచి 35 శాతం క్లోరిన్ ఉంటుంది. మన తీరపు ఉక్కకూ తేమకూ మూత తీసిన బస్తా వారాల్లో బలం కోల్పోతుంది. ఎకరా చెరువులో మీటరు నీటికి 10 పీపీఎం క్లోరిన్ కావాలంటే 40 కిలోల క్లోరిన్, అంటే 30 శాతం సరుకైతే 135 కిలోలు. అదే సరుకు 15 శాతానికి పడిపోయి ఉంటే రెట్టింపు కావాలి. నీటిలోని మురికి, పాచి, ఇనుము మొదటి దెబ్బలోనే కొంత మింగేస్తాయి. అందుకే వేసిన అరగంటకు కొలిచి, మిగులు లేకపోతే మళ్ళీ వేయాలి.

అమ్మోనియా ఉన్న నీటిలో కథ మారుతుంది. క్లోరిన్‌కు బ్రోమైడ్ కన్నా అమ్మోనియా మీద మోజు ఎక్కువ. పాత చెరువు నీటిని రిజర్వాయరులోకి తోడి బ్లీచింగ్ వేస్తే క్లోరిన్‌లో పెద్ద భాగం ముందు క్లోరమైన్‌గా మారుతుంది. అది నెమ్మదిగా చంపుతుంది, మొండిగా నిలుస్తుంది. బ్రోమిన్ అమ్మోనియాతో కలిస్తే పుట్టే బ్రోమమైన్ అలా కాదు, క్రిములను బాగానే చంపి త్వరగా విరిగిపోతుంది. ఈ గుణం వల్లే ఈతకొలనుల్లో బ్రోమిన్‌ను ఇష్టపడేవాళ్ళున్నారు. క్లోరమైన్‌ను హైపోతో విరిస్తే అందులోని అమ్మోనియా తిరిగి నీటిలోకే వస్తుంది. మిగులు పోయిందని సంతోషించే ముందు అమ్మోనియా కూడా చూసుకోవాలి.

బ్లీచింగ్ బదులు ఓజోన్ అని చెప్పే అమ్మకందారులు ‘అవశేషం ఉండదు, ప్రాణవాయువుగా మారిపోతుంది’ అంటారు. మంచినీటి విషయంలో అది చాలావరకు నిజం. సముద్రపు నీటిలో ఓజోన్ కూడా బ్రోమైడ్‌ను పట్టుకుని బ్రోమిన్‌నే తయారుచేస్తుంది, ఆపైన బ్రోమేట్‌ను కూడా. తాగునీటిలో బ్రోమేట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే. ఓజోన్ వాడే హ్యాచరీకి కార్బన్ ఫిల్టరు తప్పనిసరి. అతినీలలోహిత దీపాలు అవశేషం వదలవు, కాని నీరు తేటగా ఉంటేనే వాటి కిరణం లోపలికి పోతుంది. కార్తీకమాసపు ముసురు పట్టి, పెన్న ఎర్రనీళ్ళు ఊటుకూరు దగ్గర సముద్రంలోకి దిగే రోజుల్లో దీపాన్ని మాత్రమే నమ్ముకోలేం. నా తీర్పు ఇది: ఒడ్డు హ్యాచరీకి మంచి వడపోత, కొలిచి వేసిన బ్లీచింగ్, కార్బన్, చివర దీపం. ఓజోన్ దాని రసాయనం తెలిసిన మనిషి రోజూ దగ్గర ఉన్నచోటే.

ఈ నీరంతా శుద్ధిచేసి పిల్లను దించాక చెరువులో కొత్త లెక్క మొదలవుతుంది. అక్కడ ఆల్కలినిటీయే, అంటే పీహెచ్ ఊగిపోకుండా నీటిని పట్టి ఉంచే శక్తే పునాది. సముద్రపు నీటిలో అది 115, 120 పీపీఎం దాకా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలే నెల్లూరుకు పెద్ద వానలు. అక్టోబరు, డిసెంబరు మధ్య ఒక్క వాయుగుండానికి మీటరు లోతు చెరువులో 20 సెంటీమీటర్ల వాన నిలిస్తే సాలినిటీ 20 నుంచి 17కు, ఆల్కలినిటీ 120 నుంచి 100కు దిగుతాయి. మంచినీరు పైన పొరగా తేలి ఉండటం వల్ల అసలు దెబ్బ ఇంకా పెద్దది. ఏరియేటర్లు తిప్పి కలిపేలోగా అడుగున ఆక్సిజన్ పడిపోతుంది. ఎకరా మీటరు నీటిలో ఆల్కలినిటీని 20 పెంచడానికి సోడియం బైకార్బనేట్ 135 కిలోల చిల్లర కావాలి. రెండు కిలోల మినరల్ ప్యాకెట్ చల్లి ‘ఆల్కలినిటీ పెరుగుతుంది’ అంటే ఎందుకు నమ్మకూడదో ఈ ఒక్క లెక్క చాలు. ఆల్కలినిటీ తక్కువైన చెరువులో పీహెచ్ ఉదయం 7.6, సాయంత్రం 9 అవుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం 6, 7 శాతమే, 9 దగ్గర 40 శాతం. అదే చెరువు, అదే అమ్మోనియా, సాయంత్రానికి రొయ్యకు ఊపిరాడదు.

పంట మధ్యలో రోగం అనుమానం వచ్చి బ్లీచింగ్ వేసేవాళ్ళను చూస్తే బాధ కలుగుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, వైరస్ పోకముందే పాచి చచ్చి, అది కుళ్ళి ఆక్సిజన్ తిని, అమ్మోనియా పెంచి రొయ్యను తీసుకుపోతుంది. పొద్దున బ్లీచింగ్, సాయంత్రం ప్రొబయోటిక్ కూడా అలాంటిదే. మిగులు పోకముందు బ్యాక్టీరియాను పోస్తే చావడానికే పోసినట్టు. ఈహెచ్‌పీ (రొయ్య కాలేయాన్ని పట్టే సూక్ష్మ పరాన్నజీవి) వంటి బీజాలున్న రోగానికి నీటి బ్లీచింగ్ ఒక్కటే చాలదు, అడుగు మట్టిలోనే దాని నివాసం. పంట తీసి ఎండగట్టిన చెరువు మట్టిలో పీహెచ్ 12 దాకా ఎక్కేలా హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం దున్ని కలపమన్న సలహా అందుకే వచ్చింది. ఖర్చు ఎక్కువే, కాని అక్కడ పెట్టే ఖర్చు మధ్యలో కొనే మందుల ఖర్చుకన్నా తక్కువ.

నీటిని నిలబెట్టుకోలేనివాళ్ళే చివరికి యాంటీబయాటిక్ సీసా అందుకుంటారు. 2016లో ఐరోపా సమాఖ్య మన చెరువు రొయ్యల సరుకులో సగం కన్సైన్‌మెంట్లను పరీక్షించేలా తనిఖీ పెంచడానికి కారణం ఆ అవశేషాలే. ఒకరు చేసిన పనికి తీరం మొత్తం ధర కోల్పోయింది.

షెడ్డు నుంచి బయటికి పోయే నీటి గురించి కూడా ఆలోచించాలి. తొట్టెలు కడిగిన బ్రోమిన్ నీటిని మిగులు విరవకుండా ఉప్పుటేరులోకి వదిలితే అక్కడ పెరిగే చేప, పీత, రొయ్య పిల్లలు చస్తాయి. అవే మత్స్యకారుల కూడు. ఆ 0.013 హద్దు హ్యాచరీ పిల్లకే కాదు, ఏటిలోని పిల్లకూ వర్తిస్తుంది. సముద్రపు నీటితో చల్లార్చుకునే థర్మల్ కేంద్రాలు పైపుల్లో నాచు, గవ్వలు పట్టకుండా క్లోరిన్ వేసినప్పుడు పుట్టేదీ ఇదే బ్రోమిన్. నియమం పెద్దవాడికీ చిన్నవాడికీ ఒక్కటే కావాలి, కొలిచే చెయ్యి కూడా ఒక్కటే కావాలి.

షెడ్డులో పనిచేసే మనిషిని ఈ సాంకేతిక చర్చలో మరిచిపోతున్నాం. బ్లీచింగ్ వేసిన ఉప్పునీటి నుంచి లేచే ఆవిరిలో ప్రధానంగా ఉండేది బ్రోమోఫాం. మూసిన షెడ్డులో రాత్రంతా గాలి పెడుతుంటే అది నీటి నుంచి గాలిలోకి, గాలి నుంచి కూలీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేడి పోవడానికి మాత్రమే అనుకోకూడదు. తొట్టెలు కడిగే యాసిడ్, బ్లీచింగ్ పక్కపక్కనే నిల్వ చేస్తే ఒక్క పొరపాటుతో క్లోరిన్ వాయువు షెడ్డంతా నిండుతుంది.

ముత్తుకూరు మత్స్య కళాశాలకు, చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ) శాస్త్రవేత్తలకు, ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) అధికారులకు ఒక విన్నపం. పిల్లకు వైరస్ పరీక్ష చీటీ ఇచ్చినట్టే, ఆ పిల్ల పెరిగిన తొట్టె నీటి మిగులు అంకెను కూడా చీటీలో రాసే పద్ధతి తెండి. ఉప్పునీటి కోసం, సాలినిటీ వారీగా, తెలుగులో ఒక్క పేజీ బ్లీచింగ్ పట్టిక అచ్చువేసి ప్రతి షెడ్డు గోడకూ అంటించండి. హ్యాచరీ యజమానులకు, చెరువు రైతులకు చెప్పేది ఇంకా చిన్నది: ఈ వారమే బ్లీచింగ్, యాసిడ్ వేర్వేరు గదుల్లో పెట్టండి, వేసిన మోతాదు పక్కన అరగంట తర్వాత మిగిలిన మోతాదు రాయడానికి రిజిస్టరులో ఇంకో గడి గీయండి.